పధ్నాలుగా, పదిహేనా

అవనిగడ్డలో దస్తావేజులు రాసే ధర్మారావుకి తన మొహం మీద మహా నమ్మకం. అందంగా ఉంటుందని కాదులెండి. ఎదురుగా కూర్చోగానే కంప్యూటరు తెరుచుకునే మొహం అది. మూడేళ్ళుగా పిన్నూ గిన్నూ కొట్టే పనిలేకుండా, కెమెరాలోకి ఓ చూపు చూస్తే చాలు, స్వాగతం పలికేది. వచ్చినవాళ్ళందరికీ అది చూపించి మురిసిపోయేవాడు.

ఆ మర్యాద సోమవారంతో సరి. ఆదివారం తిరుపతి నుంచి దిగాడు. మొక్కుకున్న జుట్టుతోపాటు, ఎవరూ అడక్కపోయినా, కాలేజీ రోజులనాటి మీసం కూడా స్వామికి ఇచ్చేసి వచ్చాడు. సోమవారం పొద్దున ఇంటి వీధి గదిలో కంప్యూటరు ముందు కూర్చుంటే, అది ఎగాదిగా చూసి, మీరెవరో తెలియడం లేదు, పిన్ కొట్టండి అంది.

"నేనే" అన్నాడు ధర్మారావు. కళ్ళజోడు తీసి చూపించాడు. పెట్టుకుని చూపించాడు. గుండు మీద తువ్వాలు కప్పుకుని కూడా చూపించాడు.

"మీరేనని నేను చెబుతాను గదండీ" అన్నాడు బల్ల మీద కూర్చున్న కోదండరామయ్య.

"దీనికి సాక్షులు పనికిరారు మావయ్యా."

కోదండరామయ్య చుట్టమేం కాదు. సముద్రం మీద వేట మానేసిన పెద్దాయన. ఉన్న ఇల్లు కూతురు కుమారి పేరున రాసిస్తున్నాడు. ఆ దానపత్రం కంప్యూటర్లో ఉంది. అచ్చు తీసుకుని పన్నెండింటికల్లా రిజిస్ట్రేషనాఫీసులో ఉండాలి. కుమారి విశాఖపట్నంలో నర్సు. ఒక్కరోజు సెలవు మీద వచ్చి ఆఫీసు దగ్గర ఎదురుచూస్తోంది. ఈ పూట దాటిపోతే ఆ పిల్లకి మళ్ళీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో దేవుడికెరుక. గడియారంలో పదకొండు దాటింది.

ఇంతకీ ఆ పిన్ను పెట్టింది ధర్మారావు భార్య ఇందిరాదేవి. కంప్యూటరు కొన్న రోజున, "మన పెళ్ళి తేదీ పెట్టానండీ, అదైనా గుర్తుంటుందని" అంది. తిరకాసంతా అక్కడే ఉంది. వాళ్ళ ముహూర్తం రాత్రి రెండుగంటల నలభై నిమిషాలకి. శుభలేఖలో "మే పధ్నాలుగు బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని వేయించారు. శుభలేఖలో ఉన్నదే తేదీ, పధ్నాలుగు అంటాడు ధర్మారావు. తాళి కట్టేవేళకి గడియారం పన్నెండు దాటింది, పదిహేను అంటుంది ఇందిర. ఏటా పధ్నాలుగున ఆయన బందరు హల్వా తెస్తాడు. ఆవిడ దాన్ని అలమరలో పెట్టి పదిహేనున బయటికి తీస్తుంది. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఒక్కరూ మెట్టు దిగలేదు.

పెట్టింది ఆవిడ గనక పదిహేనే అయి తీరాలి. పరువు పక్కనపెట్టి పదిహేనూ సున్నా ఐదూ కొట్టాడు. తప్పంది. వేలు జారిందేమోనని మళ్ళీ కొట్టాడు. నెల ముందుపెట్టి కొట్టాడు. సంవత్సరం చేర్చి కొట్టాడు. కంప్యూటరుకి అనుమానం ముదిరి, తెర మీద నాలుగు అక్షరాలు చూపించి వీటిని చూసి రాయమంది. ముప్పై ఏళ్ళుగా ఊరందరి దస్తావేజులూ రాసినవాడు, ఒకటో తరగతి పిల్లాడిలా చూసి రాశాడు. ఆపైన మళ్ళీ పదిహేనే కొట్టాడు. మళ్ళీ తప్పే.

పిన్ మర్చిపోయాను అన్నచోట నొక్కితే, ఫోనుకి కోడు పంపించానంది. ఆ ఫోనేమో ఇందిరాదేవిది. ఆవిడేమో గుడివాడలో చెల్లెలింట్లో ఉంది. పెళ్ళి తేదీ కోసం పెళ్ళానికి ఫోను చేసే ఖర్మ పగవాడికి కూడా వద్దనుకుంటూ చేశాడు.

"ఏవండీ, నాకేదో కోడొచ్చింది?"

"నీ పదిహేను పనిచెయ్యట్లేదు."

"పదిహేను కొట్టారా? మీరే?"

"ఐదుసార్లు."

అవతల నవ్వు మొదలై ఓ పట్టాన ఆగలేదు. "పక్కనెవరున్నారు? కోదండరామయ్య బాబాయిగారా? స్పీకర్లో పెట్టండి. బాబాయిగారూ, మా పెళ్ళి పదిహేనని ఈయన ఐదుసార్లు కొట్టారట, మీరు చూశారా?"

"కళ్ళారా చూశానమ్మా. కావాలంటే సాక్షి సంతకం పెడతాను."

ధర్మారావు గుండు తుడుచుకున్నాడు. "అయిందా? ఇప్పుడు పిన్ను చెప్పు."

"పధ్నాలుగు, సున్నా ఐదు."

"పెట్టింది నువ్వు కదా?"

"వాడేది మీరు కదండీ. మీకు గుర్తుండేది మీ తేదీయే గదా అని అదే పెట్టాను. అంటే ఒక్కసారైనా కొట్టి చూడలేదన్నమాట."

చూడలేదు. ఇందిర దిగివస్తుందన్న ఆలోచనే అతనికి రాలేదు. మూడేళ్ళ కిందటే దిగివచ్చి, ఒక్క మాటైనా అనకుండా ఊరుకుంది. ధర్మారావుకి సిగ్గేసింది. పధ్నాలుగు కొట్టాడు, తెరుచుకుంది. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా పరుగున వెళ్ళి ఆఫీసులో పడ్డారు. ఇల్లు కుమారి పేరుకి మారింది.

తిరిగొచ్చాక కంప్యూటరుకి గుండు మొహం మళ్ళీ పరిచయం చేశాడు. మరో పని కూడా చేశాడు గానీ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం గుడివాడ నుంచి వచ్చిన ఇందిర, చెల్లెలింటి ఫొటోలు ఎక్కిద్దామని కంప్యూటరు ముందు కూర్చుని పధ్నాలుగు కొట్టింది. తప్పంది. మళ్ళీ కొట్టింది.

"ఏవండీ, ఇదేమైంది?"

ధర్మారావు గుమ్మంలో నిలబడి గుండు నిమురుకుంటున్నాడు.

"నీ తేదీ కొట్టి చూడు" అన్నాడు.