సంత ఆట

"నోరే తెరవని బిడ్డకు సదువెందుకమ్మా? గొర్ల ఎనక తోలితే కాళ్లన్నా గట్టిపడతాయి" అని గంగాదేవి తల్లి పెద్దక్క బడి వాకిట్లో నిలబడి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

జ్యోతి టీచరు గడప దాటి బయటికి వచ్చింది. గంగాదేవి రెండో తరగతి. గుమ్మఘట్ట దాటి, కర్ణాటక పొలిమేరకు ఆనుకున్న ఊరది. ఇంట్లో కన్నడం, బళ్లో తెలుగు. రెండింటి నడుమ ఆ పిల్ల నోరు కుట్టేసుకుంది. పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది. పలక చూపించమంటే చూపిస్తుంది. మాట మాత్రం రాదు. తండ్రి ఎవరివో గొర్లు కాస్తూ ఊర్లు పట్టుకొని తిరుగుతాడు. చెనక్కాయ పంట వరసగా ఎండిపోయినాక, తల్లి ఒకరి బోరు కింద ఇంత మడి పంటలో భాగమిచ్చే కోరుకు తీసుకొని మిరపకాయలు, వంకాయలు పెట్టి సంతల్లో అమ్ముతాంది.

జ్యోతిది తనకల్లు పక్క పల్లె. వాళ్ల వంశంలో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. కరువు ఎంత మింగినా వాళ్ల నాయన ఆమెను బడి మాన్పించలేదు. అందుకే ఏ బిడ్డనైనా మాన్పిస్తామంటే ఆమెకు తన్నే లేపి బయటికి పంపినట్టుండేది.

"పంట కోతల దాకా చూడక్కా. నీ బిడ్డ నోటి నుంచి మాట తెప్పించే పూచీ నాది" అని బతిమాలింది.

"చూస్తాలే. అంతవరకే మల్ల" అంది పెద్దక్క.

ఆ వారం జ్యోతి తరగతి గదిలో సంత పెట్టించింది. గులకరాళ్లు ఉల్లిగడ్డలు, వేపకాయలు టమాటాలు, చింత పిక్కలు చిల్లర. కొబ్బరి చిప్పలకు తాళ్లు కట్టి తక్కెడ చేసింది. పాత కాగితాల మీద పిల్లలే నోట్లు గీసుకున్నారు. హెడ్మాస్టరు లక్ష్మీపతి సారు తొంగి చూసి, "ఒక ఫోటో తీసి పై ఆఫీసుకు పంపించేయమ్మా, సాలు. దినామూ ఇదే పెట్టుకుంటే ఎక్కాలు ఎవరు చెప్పాల?" అని పోయినాడు.

గంగాదేవిని తక్కెడ ముందు కూచోబెట్టింది జ్యోతి. చౌడప్ప అనే పోకిరి పిల్లోడు గిరాకీ మాదిరి వచ్చి వేపకాయలన్నీ ఒత్తి చూస్తా, "ఏమప్పా, అన్నీ కుళ్లిపోయినట్టుండాయే! ఈ మూగి అంగట్లో ఎవురు కొంటారు?" అన్నాడు.

గంగాదేవి చెయ్యి చాచి వాని మణికట్టు మీద చట్టున ఒకటి వేసింది.

"కొనేదుంటే కొను, నలిపేది పెట్టుకోవద్దు. దుడ్లు తెచ్చినావా, ఊరికే వచ్చినావా?"

మరుక్షణం పిల్లలంతా గొల్లుమన్నారు. చౌడప్ప కూడా నవ్వినాడు. జ్యోతి గోడ వైపు తిరిగి కండ్లు తుడుచుకుంది.

ఆ పొద్దు మొదలు గంగాదేవిని ఆపేవాళ్లే లేకపోయినారు. "బన్నీ అక్కా, రాండి! ఎళ్లిపోతే దొరకవు" అని కన్నడమూ తెలుగూ కలిపి కేకేసేది. ఇవ్వాల్సిన చిల్లర వేళ్లు మడవకుండా చెప్పేది. అట్ట ముక్కల మీద రాసిన కూరగాయల పేర్లు కూడబలుక్కొని చదివేది. ఆట కోసమే అంకెలు, ఆట కోసమే అక్షరాలు. తాను చేసిన పని చూస్తే జ్యోతికే నమ్మబుద్ధి కాలేదు.

ఇక ఆగలేక పెద్దక్కను పిలిపించింది. చదువుతో ఏం పని జరుగుతుందో కండ్లతో చూస్తే ఆ తల్లి ఇంకెప్పుడూ మాన్పిస్తానని అనదని ఆమె లెక్క.

పెద్దక్క గోడకు ఆనుకొని ఆటంతా చూసింది. చివర్లో రవికెలోంచి ఫోను తీసి బిడ్డ చేతిలో పెట్టింది.

"ఇదేం రాసుండాదే?"

"ఎనభై రూపాయలు పడినాయి మా. దీని కిందిది నలభై."

"నలభైయేనా? వాడు వంద ఏసినా అని చెప్పి గంపెడు వంకాయలు ఎత్తుకపోయినాడే!" పెద్దక్క నోరు నొక్కుకుంది. "చూడమ్మా, ఫోన్లో ఏసినా అంటారు, పడిందో లేదో నాకేం తెలుసు? అట్లా ఎందరు తిన్నారో నన్ను." ఆమె జ్యోతి రెండు చేతులూ పట్టుకుంది. "నీ కడుపు సల్లగుండ. మాణిక్యం మాదిరి చేసినావు నా బిడ్డను."

లక్ష్మీపతి సారు దానికీ ఒక ఫోటో తీసినాడు. జ్యోతి ఆ పొద్దు ఇంటికి పోతా పోతా నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పుకుంది.

సోమవారం గంగాదేవి బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు.

"వాళ్లమ్మతో సంతకు పోయింది టీచర్. ఇంక రాదంట" అన్నాడు చౌడప్ప.

ఒక్కో దినం ఒక్కో ఊరి సంత. జ్యోతి సగం దినం సెలవు పెట్టి, ఆటో పట్టుకొని పక్కూరి సంతకు పోయింది. ఎండ మాడ్చేస్తాంది. గోతాం పరిచి, మిరపకాయల రాశి వెనక గంగాదేవి కూచోనుంది. ఒళ్లో ఫోను. వెనక పెద్దక్క మూటలు విప్పుతాంది.

"ఇదేం పని అక్కా? బడికి పంపించు. ఇప్పుడే కదా దారిలో పడింది."

"పడిందిలే, అందుకే తెచ్చుకున్నా" అంది పెద్దక్క. మాటలో కోపం లేదు. "ఇంత నేర్పినావు, ఇంకేం నేర్పాల? మాకు కావాల్సింది వచ్చేసింది."

"ఇది మొదలక్కా. ఇంకా చానా ఉండాది. అది పెద్ద చదువు చదువుకుంటే..."

"ఎప్పుడమ్మా? వంకాయలు ఈ పొద్దుకే వాడిపోతాయి. బోరు వాళ్లకు కోరు ఈ నెలే ఇయ్యాల. ఏమీ రాని బిడ్డయి ఉంటే పంట కోతల దాకా నీ బళ్లోనే పడుండేది. నేనేమీ అనేదాన్ని కాదు."

జ్యోతి పిల్ల ముందర కూచొని, "గంగాదేవీ, బడికి వస్తావా?" అని అడిగింది.

పిల్ల తల్లిని చూసింది, తక్కెడను చూసింది. ఇద్దరు ఆడోళ్లు సంచులు పట్టుకొని జ్యోతి వెనక నిలబడి, చోటు లేక పక్క అంగడి వైపు కదలబోతున్నారు.

"పక్కకు జరగండి టీచర్" అంది గంగాదేవి, "గిరాకీలు పోతాండారు."

జ్యోతి జరిగింది.