రాసింది నిలవని మిషన్

కంప్యూటర్ మూత విప్పి, బ్లోయర్‌తో రాతిపొడి ఊదుతున్నాడు అజ్మతుల్లా. తాడిపత్రిలోని ఆ బండల పాలిష్ ఫ్యాక్టరీలో రాయి కోసే చోటికీ ఈ గదికీ మధ్య రెండు తలుపులున్నాయి. పొడికి తలుపులొక లెక్కా! అతని కనురెప్పల మీద, చెవుల వెనక, నెరిసిన గడ్డంలో ఎప్పుడూ తెల్లటి పొర ఉంటుంది. యాభై మూడేళ్ల సన్నటి మనిషి. వంగి వంగి పనిచేసి మెడ ముందుకు సాగిపోయింది.

అక్కడ పదమూడు కంప్యూటర్లున్నాయి, వాటినే మిషన్లంటారు. అన్నిట్లో నడిచేది లైనక్సే, కానీ అందులో ఒక్కో రకానిది ఒక్కో సంసారం. డెబియన్ నెట్‌వర్క్ వివరాలు ఒకచోట పెట్టుకుంటే, సెంటాస్ ఇంకోచోట పెట్టుకుంటుంది. డెబియన్‌లో చేత్తో రాసిపెడితే పడి ఉంటుంది. సూసేలో కొన్ని ఫైళ్లు చేత్తో దిద్దితే, దాని సొంత సాధనం వచ్చి చెరిపేసి పోతుంది. ఏ ఇంట్లో ఉప్పుడబ్బా ఏ గూట్లో ఉందో తెలిసిన చుట్టంలాగా అజ్మతుల్లాకు ఈ గుట్టంతా తెలుసు. ఇరవై రెండేళ్లుగా తలలోనే పెట్టుకున్నాడు, కాగితం మీద పెట్టలేదు. పెడితే తననెవరు పిలుస్తారు? ఏ మూల ఏది ఆగినా 'అజ్మతన్నను పిలువుర్రా' అనేవాళ్లు. ఆ పిలుపు కోసం అతను అన్నం మధ్యలో కూడా లేచిపోయేవాడు.

నాలుగు నెలల కింద పక్కనున్న యాడికి ఊరి నుంచి కృపాకుమారి ఈ పనికే వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, గట్టిగా నవ్వుతుంది. నిక్స్‌ఓఎస్ అనే ఇంకో లైనక్స్ తెచ్చింది. అందులో మిషన్ ఎలా ఉండాలో అంతా ఒక్క ఫైల్లో రాస్తే, దాన్ని చూసుకుని మిషన్ తనను తానే కట్టుకుంటుంది. పన్నెండింటిని అలా మార్చేసింది. ఈ పొద్దున లారీలు తూచే కాటా దగ్గర కూడా పాత మిషన్ తీసి అలాంటిదే కొత్తది పెట్టింది.

"ఒకటో తేదీ నుంచి ఈ రూముకు ఒక మనిషి చాలప్పా. కాటా ఎట్ల నడుస్తాదో చూసి చెప్తా," అన్నాడు యజమాని చిన్నప్ప. ఆ ఒక్క మనిషి ఎవరో అడిగే ధైర్యం అజ్మతుల్లాకు లేదు.

చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, ఆ పిల్లను చూస్తే అతనికి కడుపు మండిపోయేది. ఆమె నవ్వినా మంటే, 'అన్నా, టీ తాగుదాం రా' అన్నా మంటే. ఆమె ముందు మాత్రం తలూపి టీ తాగేవాడు. ఇంట్లో భార్య మాబీ "యాల నీకీ ఏడుపు, బిడ్డలాంటిదే కదా?" అంటే అన్నం తట్ట పక్కకు తోసి లేచాడు. బిడ్డ అయితే ఓర్చుకునేవాడేమో, ఎవరికి తెలుసు.

ఒంటిగంటకు కృపాకుమారి అన్నానికి పోయింది. అజ్మతుల్లా తన కుర్చీలోంచే కాటా మిషన్‌లోకి దూరాడు. పాస్‌వర్డ్ ఆమే ఇచ్చింది, 'నీకు తెలియకపోతే ఎట్లన్నా' అని. తూకం చూపే పెట్టెతో ఏ వేగంలో మాట్లాడాలో చెప్పే ఫైలు తెరిచాడు. తొమ్మిదివేల ఆరువందలు. దాన్ని సగం చేయబోతే మిషన్ ఒప్పుకోలేదు, ఇది చదవడానికే గానీ రాయడానికి కాదంది. నాకే చెప్తావా అనుకుని, దాన్ని పీకేసి అదే పేరుతో సొంత ఫైలు పెట్టాడు. తూకం ప్రోగ్రాం ఆపి మళ్లీ నడిపించాడు.

రెండు నిమిషాలకు బయట హారన్లు మొదలయ్యాయి. కాటా దగ్గర తూకాలు చూసే పుల్లన్న అరుస్తున్నాడు. అజ్మతుల్లా ఫోన్ బల్ల మీద ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు.  లోపల ఎంత సంతోషమో! ఇప్పుడు పిలుస్తారు, తను పోయి ఒక్క అంకె మారుస్తాడు, చిన్నప్ప చూస్తాడు.

అంతలో కరెంటు పోయింది. కాటా గదిలో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది, మిషన్ లేచింది, హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు మోగింది ఫోన్.

"అన్నా, నీకే చేయాలనుకుంటి. ఏం లేదులే, అదే సర్దుకునింది," అన్నాడు పుల్లన్న.

అజ్మతుల్లా మళ్లీ ఫైలు తెరిచి చూశాడు. తొమ్మిదివేల ఆరువందలు. తను రాసింది ఎక్కడా లేదు. లేచేటప్పుడు మిషన్ ఆ పిల్ల ఫైలు చూసుకుని అంతా తిరిగి పెట్టుకుంది. ఇరవై రెండేళ్లలో అతను రాసింది ఏదో మిషన్‌లో నిలవకపోయిన రోజులున్నాయి గానీ, ఇంత తేలిగ్గా ఎప్పుడూ పోలేదు.

నాలుగు గంటలకు కృపాకుమారి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"అన్నా, ఒంటిగంటప్పుడు కాటా ఫైలు మార్చినావు కదా? ఎవరేం చేసిందీ మిషన్ రాసుకునే లాగ్‌లో నీ పేరుండాది."

అతను బ్లోయర్ వైరు చుట్టసాగాడు.

"ఆ అంకె నీ పాత మిషన్లోంచే రాసుకున్యా. తప్పు రాసుకున్యానా? చెప్పన్నా, అసలు ఫైల్లోనే దిద్దుతా. నువ్వు ఊరికే మార్చవు."

ఆమె ముఖంలో ఎక్కడైనా ఎగతాళి ఉందేమోనని వెతికాడు. ఉంటే బాగుండేది. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టి, అతను చెప్పే అంకె కోసం చూస్తోంది.

"తప్పేం లేదు కృపమ్మా," అన్నాడు చివరికి. "నీ మీద కుళ్లుతో చేసినా. ఆడ కాటా నిలబడిపోతే నన్ను పిలుస్తారని."

ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుంది. 

"ఒక మనిషి చాలంటాండాడు చిన్నప్ప. నేనే మానుకుంటానని చెప్పి పోతా," అని లేచాడు.

పొద్దున కాటా గది నుంచి తెచ్చిన పాత మిషన్ మూలన ఇంకా నడుస్తోంది, అవసరమొస్తుందేమోనని ఆమే ఆపలేదు. అజ్మతుల్లా వంగి, దాన్ని మామూలు పద్ధతిలో ఆపేశాడు. ఫ్యాన్ చప్పుడు ఆగేదాకా ఉన్నాడు. టిఫిన్ క్యారియర్ తీసుకుని, యజమాని గదిలో రెండు నిమిషాలుండి, ఐదు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.

కృపాకుమారి ఆ మూలకు వెళ్లి చూసింది. మిషన్ మీద పొడి పడకుండా మాబీ పాత చీరతో కుట్టిచ్చిన గలీబు ఉంది. స్విచ్ నొక్కడానికి వేలు పట్టేంత చోట మాత్రం బట్ట కత్తిరించి, చుట్టూ నీలం దారంతో కాజా కుట్టి ఉంది.