మంచు పడని ఆకాశం

సలోమి తమ్ముడి మోకాళ్ల కింద ఒక చెయ్యి పోనిచ్చి, రెండో చేత్తో భుజం పట్టుకుని, అతన్ని మెల్లగా ఎడమ పక్కకి తిప్పింది. రాత్రంతా ఒత్తుకున్న తుంటి దగ్గర చర్మం ఎర్రగా కమిలింది. అక్కడ పౌడరు అద్ది, పాత చీరతో కుట్టిన చిన్న దిండు మోకాళ్ల మధ్య పెట్టింది.

"మాస్టారికి ఫోన్ చేసేవా?" అన్నాడు శ్యామ్ సుందర్. ఇప్పుడతని గొంతుకి రెండు మాటల తర్వాత ఒక ఊపిరి కావాలి.

"ఇంకా సరిగ్గా తెల్లారలేదురా. ఆయన్ని లేవనియ్యి."

"అక్కడ లిఫ్టు ఉందో లేదో... కనుక్కుంటానన్నారు."

"మధ్యాహ్నం చేత్తానన్నారుగా. నోరు తెరు."

గంజిలో ముంచిన చెంచా అతని పెదవుల దగ్గర పెట్టింది. కిటికీలోంచి చెరువుల మీది గాలి మేత వాసనతో వస్తోంది. ఒకప్పుడు కొల్లేరు నీళ్లు వాళ్ల పెరటి దాకా వచ్చేవని అమ్మ చెప్పేది. ఇప్పుడు కనుచూపు మేరా రొయ్యల చెరువు గట్లే. నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు పగలూ రాత్రీ ఆగదు.

శ్యామ్ సుందర్‌కి ఇరవై ఏడేళ్లు. చిన్నప్పుడు బాగానే నడిచేవాడు. బళ్లో వేసిన ఏడాది ఊరికే పడిపోవడం మొదలైంది. బట్టలు మట్టి చేసుకొస్తున్నాడని అమ్మ కొట్టేది. ఏలూరు డాక్టరు అతని పిక్కలు నొక్కి చూసి, ఇది కండరాల జబ్బనీ, మందు లేదనీ చెప్పాక అమ్మ మళ్లీ అతని మీద చెయ్యెత్తలేదు. చనిపోయేదాకా ఆ దెబ్బలనే తలుచుకుని ఏడ్చింది. హైస్కూలుకి సలోమే వీపున మోసుకెళ్లేది. గుమ్మం దగ్గర సైన్సు మాస్టారు సత్తిరాజు గారు ఎదురొచ్చి, అతన్ని అందుకుని ముందు బెంచీ మీద కూర్చోబెట్టేవారు. సలోమిని చూడ్డానికి వచ్చినవాళ్లు, తమ్ముణ్ణి కూడా తనతో తెచ్చుకుంటానని ఆమె అనగానే, టీ తాగి మర్యాదగా లేచి వెళ్లిపోయేవారు. కొన్నాళ్లకి రావడం మానేశారు.

హైదరాబాదు ప్లానెటోరియం సంగతి అతను ఫోన్‌లో చూశాడు. గుండ్రటి కప్పు కింద కూర్చుంటే నెత్తి మీద ఆకాశమంతా కనిపిస్తుందట. పక్కనే అంతరిక్ష మ్యూజియం కూడా ఉందట. "చుక్కల కోసం అంత దూరం ఎందుకురా, మన ఊళ్లో లేవా?" అని ఆమె మొదట్లో నవ్వింది. అతను నవ్వలేదు.

"ఇక్కడ మంచు పడుద్ది కదక్కా. నన్ను బయట పడుకోనివ్వవు. అక్కడ మంచు పడదు."

నిజమే. కాస్త చల్లగాలి తగిలితే అతని ఛాతీలో కఫం చేరుతుంది. దాన్ని దగ్గి పడేసే బలం అతనికి లేదు. చీకటి పడకముందే ఆమె తలుపులు వేసేసేది. ఏళ్ల తరబడి అతను చూసిందల్లా రేకుల కప్పూ, దాని కింద తిరిగే ఫ్యానూ.

శీతాకాలంలో అడిగితే ఎండలు రానీ అంది. ఎండాకాలంలో వానలు పడనీ అంది. ప్రతిసారీ ఆమెకి ఒకటే భయం. రైల్లో, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య, వాడికేమైనా అయితే? ఏదో స్టేషన్లో ఆ శరీరాన్ని దించుకుని ఎవరిని పిలవాలి? పోయిన వారం డాక్టరు స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి, "ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకుంటే ఇప్పుడే తీసుకెళ్లమ్మా," అన్నాడు. ఆ మాటకి ఆమె భయం పోలేదు గాని, వాయిదా వెయ్యడానికి ఇంక సాకు దొరకలేదు. సత్తిరాజు మాస్టారు రిటైరై ఉంగుటూరులో ఉంటున్నారు. ఆయనే శనివారానికి టిక్కెట్లు తీశారు, తనూ వస్తానన్నారు.

వీధిలో వ్యాను హారన్ మోగింది. సలోమి తమ్ముడి నుదురు తుడిచి, పక్కింటి సూరమ్మకి తాళం చెవి ఇచ్చి పరుగెత్తింది.

రొయ్యల షెడ్డులో ఆ రోజు ఊపిరి తిప్పుకునే సందు లేదు. చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలింది. రైతులు ఎదిగీ ఎదగని రొయ్యనే పట్టేసి లారీల్లో పంపుతున్నారు. ఆడవాళ్లు వరసగా నిలబడి, తల గిల్లి, పొట్టు లాగి, వీపు మీది నల్లటి నరం తీసి, ఐసు నీళ్లలో పడేస్తున్నారు. గ్లౌజులు వేసుకున్నా వేళ్లు తిమ్మిరెక్కి, ఎవరి వేళ్లో అన్నట్టు ఉంటాయి. పదిహేనేళ్లుగా ఇదే పని. ఇంటికెళ్లాక తమ్ముణ్ణి ముట్టుకునే ముందు ఆమె తన చేతుల్ని వేడి నీళ్లలో ఉంచుకుంటుంది, అతను ఉలిక్కిపడకుండా.

సూపర్‌వైజరు సీతారత్నం అటుగా వచ్చినప్పుడు సలోమి చేతులు తుడుచుకుంది.

"రత్నం గారండీ, శనివారం, ఆదివారం రాలేనండి. తమ్ముణ్ణి హైదరాబాదు తీసుకెళ్లాలండి."

"ఆసుపత్రికా?"

"కాదండి. చుక్కలు చూపిస్తారంటండి, ప్లానెటోరియం అని."

సీతారత్నం ఆమె మొహంలోకి చూసింది. "ఈ సరుకంతా చూత్తన్నావుగా సలోమీ. సెలవు నేనియ్యగలను గాని పైవాళ్లు ఒప్పుకోరు. ఎల్తే మళ్లీ రావద్దంటారు."

"అలాగేనండి."

"అలాగేనేంటి? నిజంగా ఎల్తావా?"

"ఎల్తానండి."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని నమ్మకం కలగడానికి ఆమెకి కాస్సేపు పట్టింది. భోజనాల వేళ మాస్టారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మెట్లున్నాయంటమ్మా. గాని ముందుగా చెబితే మనుషుల్ని పంపి ఎత్తిస్తామన్నారు. తలుపు దగ్గర కూర్చోబెట్టుకోమన్నారు. దిగులు పడకు."

"చాలండి మాస్టారండీ. అంతే చాలండి," అంది సలోమి. అన్నం డబ్బా మూత తెరిచి ఉంది. ఆకలి మర్చిపోయి అలాగే నవ్వుతూ కూర్చుంది.

సాయంత్రం వ్యాను దిగేసరికి సూరమ్మ వీధిలోనే నిలబడి ఉంది.

"మధ్యాన్నం నించీ ఏం దిగట్లేదే. దగ్గబోతాడు, రాదు. నీకు ఫోన్ చేత్తానంటే శ్యామ్ ఒద్దన్నాడు. పని పోద్దంట."

సలోమి చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్లింది. కరెంటు లేదు. గదిలో ఉక్క. అతని పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. గొంతులో ఏదో గరగరలాడుతోంది. ఆమె నూటెనిమిదికి ఫోన్ చేసింది. బండి కైకలూరు వైపు వెళ్లిందనీ, వస్తుందనీ చెప్పారు. ఆటో వాళ్లకీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. అతన్ని తన ఒళ్లోకి లేపుకుని వీపు మీద అరచేత్తో తట్టింది. కఫం కదల్లేదు.

"ఆసుపత్రి వద్దక్కా," అన్నాడతను. "ఎల్తే... ఉంచేత్తారు. శనివారం..."

"శనివారానికి వచ్చేద్దాం. నేను చెబుతాగా."

"మెట్లు... ఎన్నంట?"

"ఎక్కువ లేవంటరా. వాళ్లే ఎత్తుకెళ్తారంట."

అతను ఊపిరి కూడగట్టుకున్నాడు. "అక్కడి కుర్చీలు... వెనక్కి వాలతాయంట. పడుకుని చూడ్డం... నాకలవాటే."

ఆమె నవ్వబోయింది. రాలేదు.

"గాలి లేదక్కా. బయటికి..."

ఇన్నేళ్లూ కాదన్న మాటే. ఇప్పుడు సలోమి సూరమ్మ వంక చూసింది. ఇద్దరూ నవారు మంచాన్ని చెరో వైపు పట్టుకుని, గుమ్మం దాటించి వాకిట్లో వేశారు. సూరమ్మ తన ఇంట్లోంచి తాటాకు విసనకర్ర తెచ్చి ఇచ్చింది. పొద్దు అప్పుడే కుంకింది. చెరువుల మీద ఇంకా వెలుతురు మిగిలి ఉంది. ఆకాశం బూడిదరంగులో, మబ్బు పట్టి, ఏమీ లేకుండా ఉంది. అతను కళ్లు పెద్దవి చేసి పైకి చూశాడు.

"ఇంకా... రాలేదు."

"వత్తాయి. కాస్త చీకటి పడనీ."

"ముందు పడమటే... వచ్చుద్ది."

"అటే చూడు అయితే."

సలోమి అతని తల తన చేతి మీద పెట్టుకుని పడమటికి తిప్పింది. రెండో చేత్తో విసురుతూ కూర్చుంది. దోమలు ముసురుతున్నాయి. వాటిని అతని మొహం మీద వాలనివ్వకుండా విసిరింది. మాస్టారు చెప్పిన సంగతులన్నీ చెప్పింది. రైలెక్కేటప్పుడు ఎవరెవరు పట్టుకోవాలో చెప్పింది, కిటికీ పక్కన ఎలా పడుకోబెట్టాలో చెప్పింది. కృష్ణ మీది వంతెన వచ్చినప్పుడు లేపుతానంది. అతను వింటున్నాడనుకుంది. గొంతులో గరగర తగ్గినందుకు ఆమెకి కొంచెం నెమ్మది కలిగింది.

కాస్సేపటికి సూరమ్మ వంగి ఆమె మణికట్టు పట్టుకుంది.

"సలోమీ. ఇంక ఇసరకు తల్లీ."

సలోమి చెయ్యి ఆగలేదు. సూరమ్మ గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. మబ్బు అలాగే ఉంది. ఒక్క చుక్కా పొడవలేదు.

నూటెనిమిది బండి వచ్చింది. తెల్ల చొక్కా కుర్రాడు టార్చి వేసి కళ్లు చూసి, నాడి చూసి, తల వంచుకుని వెళ్లిపోయాడు. చర్చి వాళ్లు వచ్చారు. నలుగురూ కలిసి శ్యామ్ సుందర్‌ని లోపలికి తీసుకెళ్లి చాప మీద పడుకోబెట్టారు. సలోమి పొయ్యి వెలిగించి నీళ్లు కాచుకుంది. ఎప్పటిలాగే చేతులు అందులో ఉంచి, వెచ్చబడ్డాక, అతని కళ్లు మూసింది. తర్వాత ఫోన్ తీసింది.

"మాస్టారండీ, సలోమినండి. శనివారం ఇంక అక్కర్లేదండి."

అటునుంచి ఆయన ఏదో అడుగుతున్నారు. ఆమె ఫోన్ సూరమ్మకి ఇచ్చి, గోడకి జారగిలబడి కూర్చుంది.

వాకిట్లో మంచాన్ని లోపల పెట్టాలని ఎవరికీ తోచలేదు. అతను పడుకున్న చోట నవారు కాస్త కుంగి ఉంది. ఆ పక్కనే, అంచుకి ఎర్రగుడ్డ కుట్టిన తాటాకు విసనకర్ర బోర్లా పడి ఉంది.