పదిహేడు నిన్నటి పేపర్లు

నవంబరు ఏడున బ్యూనస్ ఎయిర్స్‌లో పేపర్లు రావు. అది పేపర్లమ్మేవాళ్ల పండగ రోజు. ఆ సంగతి లోను ఆఫీసువాళ్లకు తట్టలేదంటే సరే, నలభై ఏళ్లుగా పేపర్లమ్ముతున్న నీల్దాకు గుర్తురాకపోవడమే విడ్డూరం. మూడు నెలలు లోను కాగితాల కోసం తిరిగి తిరిగి ఆమె ప్రాణం విసిగిపోయింది. "ఏడో తేదీన తనిఖీకి వస్తాం" అని ఫోనులో చెప్పగానే సరేనంది. పెట్టేశాక నాలిక్కరుచుకుంది. మళ్లీ ఫోను చేస్తే, తేదీ మారితే ఇక వచ్చే ఏడాదే అన్నారు.

వచ్చే ఏడాదికి బడ్డీ ఉంటే కదా. తండ్రి పెట్టిన ఆ రేకుల బడ్డీ అడుగంతా తుప్పు తినేసింది. నెలాఖరులోగా బాగుచేయించకపోతే పీకేస్తామని నగరపాలకులు నోటీసు అంటించి పోయారు. ప్రభుత్వం పూచీ పడే ఈ లోను తప్ప ఆమెకు అప్పిచ్చే నాథుడు లేడు. అదీ పేపర్లమ్మే బడ్డీలకే. తనిఖీ రోజున పేపర్లు వేలాడుతూ కనబడాలట.

అందుకే పండగపూట షట్టరెత్తింది. మిగిలిన పేపర్లు వెనక్కి తీసుకెళ్లే వ్యాను కూడా ఆ రోజు రాదు కాబట్టి, నిన్నటివి పదిహేడు బడ్డీలోనే ఉన్నాయి. ఒక్కొక్కటే క్లిప్పులకు తగిలించింది. తగిలిస్తుంటే సిగ్గేసింది. చద్ది పేపరు ఒక్కటైనా ఆమె ఇన్నేళ్లలో ఎవరి చేతిలోనూ పెట్టలేదు.

పక్క వీధిలో బడ్డీ నడిపే రూబెన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పండగ విందుకు పోతూ ఆగాడు.

"ఏం నీల్దా, మాకెవరికీ రాని పేపర్లు నీకొక్కదానికే వచ్చాయా?"

"నీ వెటకారం తగలెయ్య. లోనతను వస్తున్నాడు."

"తేదీ చూశాడంటే?"

"చూస్తే చూశాడు. ఇంక నా వల్ల కాదు రూబెన్."

అతను నవ్వు ఆపేశాడు. "మాంసం నీకో ముక్క దాచి ఉంచుతాలే" అని వెళ్లిపోయాడు.

పదకొండింటికి లోనతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, పేరు ఫకుందో అని చెప్పాడు. ఫోటో తీశాడు. వేలు చూపిస్తూ పేపర్లు లెక్కపెట్టాడు.

"రోజుకెన్ని అమ్ముతారమ్మా?"

"మా నాన్న నాలుగొందలు అమ్మేవాడు బాబూ. నేను ముప్పై అమ్మితే గొప్ప."

ముప్పై అని రాసుకుని సంతకం పెట్టాడు. "పది రోజుల్లో డబ్బు పడుతుందండీ" అన్నాడు. నీల్దా స్టూలు మీద కూలబడింది.

అతను జేబులోంచి పర్సు తీశాడు. "ఒక పేపరివ్వండి."

ఆమె చేయి క్లిప్పు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇచ్చేస్తే పోయేది, కానీ నోరు ఊరుకోలేదు.

"అవి నిన్నటివి బాబూ. ఇవాళ పేపర్లు రావు. నీ కోసమే తగిలించాను."

అతను సంతకం పెట్టిన కాగితం వైపైనా చూడలేదు.

"పర్లేదమ్మా. కుక్కపిల్లను తెచ్చుకున్నాం, దాని కింద పరవడానికి. ఏ రోజుదైతే ఏంటి?"

డబ్బులు బల్ల మీద పెట్టి, పేపరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నీల్దాకు ఏడుపు ముంచుకొచ్చింది. లోను రాకపోయినా ఇంత ఏడుపు వచ్చేది కాదేమో. కాసేపటికి ముక్కు తుడుచుకుని, మిగతా పదహారూ దించి, రేపటి వ్యాను కోసం కట్ట కట్టింది.