తాళం వేసిన మాట

ఆటోలు కనకమామిడి స్టేజీ దాటనే లేదు. పోలీసులు అడ్డం నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి దించారు. బ్యానరు ఎవరి సంచిలో ఉందో కూడా ఎస్సైకి తెలుసు. పొలాలకు పోయే బాటను మూసి ఫాంహౌస్ వాళ్లు గోడ కట్టారని చేవెళ్ల ఆర్డీవోకు చెప్పుకోవడానికి బయలుదేరిన జనం, సాయంత్రం దాకా ఠాణా వాకిట్లో ఎండకు మాడారు.

ఆ ప్రయాణం సంగతి ఒక్క ఫోన్ గ్రూపులోనే ఉంది. గ్రూపు పెట్టింది డిగ్రీ చదివే సమత. ఇల్లిల్లూ తిరిగి అందరి ఫోన్లలో ఆ యాప్ వేసింది.

"మనం పంపే మాటకు ఈడనే తాళం పడ్తది. తాళంచెవి మనోళ్ల ఫోన్లల్లనే ఉంటది. నడిమిట్ల పోలీసులు పట్టుకున్నా, ఆ కంపెనీయే చూసినా ఏం సమజ్ గాదు" అని చెప్పింది. అందులో అబద్ధం లేదు.

మరి మాట ఎట్లా పొక్కింది? గ్రూపులోని రైతు భిక్షానికి అల్లుడు కానిస్టేబులు. ఊరికి ఇంకేం సాక్ష్యం కావాలి! సమతే భిక్షాన్ని గ్రూపులోంచి తీసేసింది. ఆపైన ఎవరూ అతని గడప తొక్కలేదు. అతని తల్లి చనిపోతే పాడె మోయడానికి ముడిమ్యాల నుంచి చుట్టాలు రావలసి వచ్చింది.

నెల తిరగకముందే ఒకరోజు సమత తన తల్లి రుక్మిణమ్మ ఫోనును సరిచేస్తూ సెట్టింగులు తెరిచింది. ఆ యాప్‌కు ఒక కంప్యూటర్ జతపడి ఉంది. ఇక్కడికొచ్చే ప్రతి మాటా అక్కడికీ పోతోంది. ఆటోలను ఆపడానికి వారం ముందు ఎవరో కలిపారు.

"అవ్వా, నీ ఫోన్ ఎవరికన్న ఇచ్చినవా?"

"ఎవరికిస్త బిడ్డా? ఫాంహౌస్ల కూలికి పోయినప్పుడు గేటు కాడ మేనేజర్ తీస్కుంటడు. ఫొటోలు దిగొద్దంట. పొద్దుమూకినంక ఇస్తడు."

"లాక్ పెట్టమన్న గద?"

"నాకు, మీ బాపుకు ఒక్కటే ఫోనాయె. లాక్ పెడితే మీ బాపు ఎట్ల తియ్యాలె?"

తాళం గట్టిదే. తామే ఇంటి తలుపు తీసి ఫాంహౌస్ వాళ్లను రానిచ్చారు, వాళ్లు పోలీసులకు చేరవేశారు. ఇప్పుడు ఒక్కసారి నొక్కితే ఆ కంప్యూటర్ పోతుంది, తల్లి పరువు దక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. వేలు అక్కడిదాకా పోయి ఆగింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం అందరినీ కమ్యూనిటీ హాలుకు పిలిచింది. భిక్షాన్ని తనే వెళ్లి తీసుకొచ్చింది. ఉన్నదంతా చెప్పింది.

"తప్పు నాది పెద్దనాయినా. నీ కాళ్లు మొక్కుత."

"మొక్కకు. మా అవ్వ పాడెకు ఒక్కడు భుజం పట్టలే. ఇప్పుడు పడ్తరా?"

రుక్మిణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

జనంలోంచి ముసలి అంతయ్య లేచాడు. "ఆ కంప్యూటర్ తీసెయ్యి బిడ్డా. మళ్ల గుట్టుగ మాట్లాడుకుందం."

"ఆగుండ్రి" అన్నాడు భిక్షం. "ఇన్ని దినాలు చాటుకుండి విన్నరు గద. తీసే ముందుగాల ఒక మాట మంచిగ విననీయుండ్రి."

సమత రుక్మిణమ్మ ఫోనులో మైకు నొక్కి పట్టుకుంది.

"నేను భిక్షాన్ని. రేపు పది గంటలకు గోడ కాడికి వస్తున్న. బాట మాది."

ఫోను చేతులు మారింది. అంతయ్య పేరు చెప్పాడు. వరసగా అందరూ చెప్పారు. ఆఖరున రుక్మిణమ్మ, "రేపు పనికి రాను. గోడకు వస్త" అంది. అప్పుడు సమత ఆ కంప్యూటర్‌ను తీసేసి, భిక్షాన్ని మళ్లీ గ్రూపులో చేర్చి, అందరి ఫోన్లకూ లాక్ పెట్టించింది.

మర్నాడు గడ్డపారలు పడి గోడకు బండి పట్టేంత సందు అయ్యాక లాఠీలు లేచాయి. ఇరవై మందిని ఠాణాకు ఈడ్చుకుపోయి, ఫోన్లన్నీ బల్ల మీద పోశారు. కంప్యూటర్ తీసేశాక గ్రూపులో ఏం మాట్లాడుకున్నారో ఎస్సైకి కావాలి. ముందు భిక్షాన్ని పిలిచాడు.

"నీ అల్లుడు మా డిపార్ట్‌మెంటే గదా. లాక్ నంబర్ చెప్పి ఇంటికి పో."

"గందుకే చెప్ప."

చెంప పగిలింది. భిక్షం కదల్లేదు. ఎస్సై ఇంకో ఫోను తీశాడు. ఎవరిదని అడగకముందే రుక్మిణమ్మ లేచి నిలబడింది.

"అది నాది సారూ. నేను గూడ చెప్ప."