ఎలివేటర్ ముచ్చట

మా ట్వైలా వదిన కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ చదువు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మానేసింది. బుర్ర లేక కాదు. నలుగురి ముందు లేచి మాట్లాడాల్సిన రోజు రాగానే కోటు తగిలించుకుని ఇంటికొచ్చేస్తుంది. ఇంట్లో మాత్రం మా అన్నయ్యని నోరెత్తనివ్వదు, అది వేరే సంగతి.

ఈసారి తోడుగా నేనూ చేరాను. యాభై దాటాక ఇద్దరం మంగళవారం సాయంత్రాలు ఒకే కారులో కాలేజీకి పోవడం నాకు భలే సంతోషంగా ఉంది. వదినకి ఇంక మిగిలింది ఈ ఒక్క క్లాసే. ఇది గట్టెక్కితే రెండేళ్ల డిగ్రీ చేతికొస్తుంది.

మాస్టారు నోలన్ గారు షికాగో మనిషి, మా అబ్బాయి ఈడువాడు. వచ్చే వారం ఒక్కొక్కరూ ముందుకొచ్చి తమ వ్యాపారం గురించి ఒక్క నిమిషం 'ఎలివేటర్ పిచ్' చెప్పాలన్నారు. మార్కులన్నీ దానికే. ఎలివేటర్ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. కాన్సాస్‌లో ఎవరడుగుతారు? మా ఊళ్లో రెండంతస్తుల మేడే గొప్ప. ఎలివేటర్ అంటే రైలు పట్టాల పక్కనున్న పెద్ద ధాన్యపు గాదె. కోతలప్పుడు గోధుమ లారీలన్నీ దాని ముందే బారులు తీరతాయి.

వదిన వారమంతా వంటింట్లో పొయ్యికి ఉపన్యాసం చెప్పింది. మంగళవారం పేరు పిలవగానే మొహం పాలిపోయినా లేచింది. కోతల్లో ఎలివేటర్ దగ్గర లారీవాళ్లు గంటలకొద్దీ ఎండలో పడిగాపులు పడతారని, తిండి కోసం వరస వదిలి పోలేరని, వాళ్లకి బండి మీద వేడివేడి బైరాక్‌లు అమ్ముతానని గడగడా అప్పజెప్పి కూర్చుంది.

మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఎలివేటర్ అంటే లిఫ్టు అన్నారు. లిఫ్టులో పెద్దమనిషెవరైనా తగిలితే, పై అంతస్తు చేరేలోపు మన వ్యాపారం గురించి ఆయన చెవిన వేయడమట. వదిన మొహం కందగడ్డయింది. చెయ్యి మెల్లగా కోటు మీదికి పోయింది. ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు. మాస్టారి మీద ఒళ్లు మండి నా చెయ్యెత్తాను.

"నాదీ గాదె గురించే మాస్టారూ."

"నాదీ అంతేనండి," అన్నాడు వెనక వరసలో పందులు పెంచే రోయిస్. ఆపైన ఒకరి వెనక ఒకరు అందరూ చేతులెత్తారు. చివరికి ఎత్తనిది మాస్టారొక్కరే.

ఆయన తల గోక్కున్నారు. "తప్పు నాదేనండి, ముందే చెప్పాల్సింది. ఇంతకీ ట్వైలా గారూ, బైరాక్ అంటే ఏంటి?"

వదిన తెల్లబోయింది. "బైరాక్ తెలీదా? మరి ఇన్నాళ్లూ ఏం తిని బతికావయ్యా?"

కోటు వదిలేసి లేచింది. పిండి ఎంత పొంగాలో, లోపల మాంసం, క్యాబేజీ ఎంతసేపు మగ్గాలో, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని తినడానికి అంతకు మించింది ఎందుకు లేదో చెప్పుకుంటూ పోయింది. ఆకలేస్తోందని రోయిస్ గొణిగాడు. ఒక్క నిమిషానికి భయపడి రెండుసార్లు చదువు మానేసిన మనిషిని ఆపలేక మాస్టారు గడియారం వైపు చూశారు.

మార్కులు నిండుగా వేశారు. కారు తీస్తుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఆపవే గ్లెండా, బైరాక్‌లో నంజుకునే ఆవముద్ద సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆయన ఇంకా లోపలే ఉన్నాడుగా, వెళ్లి చెప్పొస్తా."