వెదురు గొట్టంలో పంతొమ్మిది రాళ్లు

పునాది తవ్వేవాళ్లు తట్టలోని మట్టిని పారబోసే ముందు అరచేతిలో నలిపి, నీళ్లు చిలకరించి, ఎండకెత్తి చూడటం మీరెక్కడైనా చూశారా? పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో హైదరాబాదులో మాదాపూర్ వైపు వెళ్లి ఉంటే చూసేవారు. ఇంజనీరు యజ్ఞనారాయణ మొదటిరోజే చూశాడు. కాకినాడ మనిషి. పనిలో దిట్టే గానీ ఓపిక తక్కువ.

"ఏమ్మా, మట్టిలో ఏం వెతుకుతున్నారు? ట్రాక్టరు గంట నుంచీ నిలబడే ఉంది," అన్నాడు.

"ఏం లేదు సారూ, అలవాటు," అని వసంత సిగ్గుపడి చేతులు దులుపుకుంది. ఐదు నిమిషాలు తిరక్కుండా మళ్లీ నలపడం మొదలుపెట్టింది.

ఆ అలవాటు ఇవాళ్టిది కాదు. అక్కడ తవ్వే పన్నెండు కుటుంబాల వాళ్లదీ ఖమ్మం జిల్లాలో చిన్నెర్రగుట్ట అనే చోటు. గుట్టలో గుంతలు తవ్వి ఎర్రరాళ్లు ఏరడం వాళ్ల బతుకుతెరువు. అవి కెంపులు కావు, కెంపులకు పేద చుట్టాలు. అయినా ఉంగరాలకీ ముక్కుపుడకలకీ పనికొచ్చేవి. జైపూరు నుంచి ఒక సేటు వచ్చి కొనుక్కుపోయేవాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వీళ్లని 'రాళ్లోళ్లు' అనేవారు. ఆ పిలుపులో సగం వెక్కిరింత, సగం గౌరవం ఉండేవి. వీళ్లు గౌరవం మాత్రం ఉంచుకుని వెక్కిరింతను వినపడనట్టు వదిలేసేవాళ్లు.

ఆరేళ్ల కిందట గుట్టలో రాయి అయిపోయింది, సేటు రావడం మానేశాడు. పన్నెండు కుటుంబాలూ పలుగూ పారా పట్టుకుని పట్నం బస్సెక్కాయి. బాలానగర్‌లో కొన్నాళ్లు, గచ్చిబౌలిలో కొన్నాళ్లు పైపులకు కందకాలు తవ్వి, ఇప్పుడు ఒక కంప్యూటర్ల కంపెనీకి లేవబోయే అద్దాల మేడకు పునాది తవ్వుతున్నారు. ఇక్కడ అందరికీ కలిపి ఒకటే పేరు, లేబర్. ఆ పేరులో వెక్కిరింతా లేదు, గౌరవమూ లేదు. వసంతకు ఒళ్లు మండేది అందుకే.

గుట్ట నుంచి వాళ్లు తెచ్చుకున్న ఆస్తి మూరెడు వెదురు గొట్టం. లోపల బొటనవేలు పట్టేంత సందు, పైన మైనం రాసిన కర్ర బిరడా. ఒక గుంత తవ్వడం పూర్తయి పూడ్చేసే రోజున, ఆ గుంతలో దొరికిన రాయి ఒకటి అందులో వేయడం ఆచారం. అంటే అడుగునున్నది మొదటి గుంతది, అన్నిటికన్నా పైనున్నది చివరి గుంతది. అక్షరం ముక్క రానివాళ్లకు అదే చరిత్ర పుస్తకం. కానీ ఆ పుస్తకాన్ని విప్పి చదవడానికి వీల్లేదు! గొట్టాన్ని కుమ్మరించకూడదని పెద్దల కట్టడి. రాళ్ల వరస చెదిరితే మనుషులూ చెదిరిపోతారట. ఇంకో కట్టడి కూడా ఉంది. గొట్టం ఎప్పుడూ పెద్దింటి కోడలి దగ్గరే ఉండాలి, రాయి ఆమే వేయాలి. మగవాళ్లు ముట్టుకోవాలంటే ఆమె తన చేత్తో ఇవ్వాలి.

వసంత అత్త సాయమ్మ ఆఖరి గుంత రాయి వేసి, అదే ఏడు కన్నుమూసింది. గొట్టం వసంత చేతికొచ్చింది, వేయడానికి రాయి మాత్రం రాలేదు. గొట్టం పట్టిన ప్రతి కోడలూ ఒకటో రెండో వేసింది. తానొక్కతే ఉత్తచేతుల కోడలు. అది తలుచుకుంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చేది.

దానికి తోడు ఇంకో ఆరాటం. అడుగున ఏముంది? మొదటి రాయి చింతగింజంత ఉంటుందనీ, నిప్పుకణికలా వెలుగుతుందనీ సాయమ్మ చెప్పేది. ఆమెకు ఆమె అత్త చెప్పింది. చెప్పినవాళ్లే అందరూ, చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వసంత ఎవరూ లేనప్పుడు గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపేది. పైరాళ్లు గలగలమనేవి. అడుగున మాత్రం ఏదో మొద్దుగా కదిలేది. నిప్పుకణికలాంటి రాయి అలా ఎందుకు మోగుతుందో ఆమెకు ఎంతకూ అంతుపట్టలేదు.

పునాది తవ్వకం ముగిసిన మర్నాడు పొద్దున్నే మామ రాజయ్య గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, ఇయ్యాల మధ్యాహ్నం గుంతల కాంక్రీటు పోస్తరట. గొట్టం తే, అండ్ల పెడదాం."

వసంత చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఎందుకు మామా?"

"గుట్ట ఒడిసినంక గొట్టాన్ని మట్టికే ఇయ్యాలెనని పెద్దలు చెప్పిండ్రు. ఆనాడు గుంతల నీళ్లు నిండి ఇయ్యలేకపోతిమి. గింత లోతు గుంత మళ్ల దొరకది. మీద ఆరంతస్తులు లేస్తయి, ఎవడూ తవ్వడు. నేనుండంగనే గీ పని అయిపోవాలె."

"మరి గీ గుంత రాయి? అది వెయ్యాలె గద."

"గిండ్ల ఏం రాయున్నది? ఎర్రరాయి ఎల్లని గుంత గుంతే కాదు. కూలికి తవ్వినం, అయిపోయింది."

వసంత భర్త వీరేశం వైపు చూసింది. అతను పలుగు మొన చూసుకుంటున్నాడు. తండ్రికీ పెళ్లానికీ నడుమ నోరు విప్పకుండా ఉండటంలో అతన్ని మించినవాడు లేడు. వసంతకు మామ మీద కోపం రాలేదు. ఆ ముసలాయన కళ్లలో అలసట కనిపిస్తూనే ఉంది. కానీ గొట్టం మట్టిలోకి పోతే ఇక మిగిలేది లేబర్ అన్న మాటొక్కటే. అడుగున ఏముందో ఈ జన్మకు తెలియదు. ఈ రెండూ కలిసి ఆమెను తినేశాయి.

మధ్యాహ్నం అందరూ పైన సద్దులు విప్పారు. రాజయ్య నిచ్చెన దిగి గుంతలో నిలబడ్డాడు. వసంత గొట్టం పట్టుకుని దిగింది. కొంగులో కొడవలి కూడా ఉంది.

"ఇయ్యి," అని రాజయ్య చెయ్యి చాపాడు.

"ఇస్త మామా. ఒక్కపారి చూసినంక ఇస్త."

"కుమ్మరిస్తవా ఏంది? వరస చెదురుతది, వద్దు."

"కుమ్మరియ్య. చీలుస్త. కుమ్మరించొద్దన్నరు గని, చీల్చొద్దని ఎవలూ అనలే."

రాజయ్య చాపిన చెయ్యి దించాడు. పెద్దలు చీల్చడం గురించి నిజంగానే ఏమీ చెప్పలేదు. వసంత గొట్టాన్ని నేల మీద పడుకోబెట్టి, కొడవలి మొన గుచ్చి, రాయితో మెల్లగా కొట్టుకుంటూ పోయింది. ఏళ్ల తరబడి ఎండిన వెదురు టపటపమంటూ పొడుగునా విచ్చుకుంది. పైచెక్క లేపింది. కింది చెక్కలో రాళ్లన్నీ వరస చెదరకుండా పడుకుని ఉన్నాయి.

రాజయ్య గొంతుక్కూచున్నాడు. కోపం ఎటు పోయిందో అతనికే తెలియదు. పైనుంచి ఒక్కొక్కటే వేలితో తాకాడు. "ఇది మీ అత్త ఏసింది, నా ఆఖరి గుంత. గిది నా పెండ్లయిన ఏడు. గిది మా నాయనది, అండ్ల మా చిన్నాయన కాలిరగ్గొట్టుకున్నడు." ఆరో రాయి దాటాక కథలు అయిపోయాయి, పేర్లే మిగిలాయి. తొమ్మిదో రాయి దాటాక పేర్లూ లేవు. పదిహేను దాకా ఎర్రరాళ్లే. తర్వాత అతని వేలు ఆగిపోయింది.

పదహారోది ఎర్రరాయి కాదు. తళతళమనే అభ్రకం బిళ్ల. దాని నడుమ ఆవగింజంత ఎర్రటి చుక్క. దాని కింద మూడు రాళ్లున్నాయి. మూడూ మామూలు నల్లరాతి ముక్కలు. దారిలో కాలికి తగిలితే తన్నిపారేసేలాంటివి.

"మామా, గిదేంది? నిప్పుకణికేది?" అంది వసంత.

రాజయ్య అడుగురాయి తీసి ఉమ్మితో తడిపి, ఎండకెత్తి తిప్పాడు. ఒక పక్క బొటనవేలు ఆనేంత నున్నటి గాడి ఉంది. అందులో తన బొటనవేలు పెట్టి చూశాడు. యాభై ఏళ్లు పలుగు పట్టిన చేతికి ఆ గాడి ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

"పలుగు దెబ్బ. బాయి తవ్వేటప్పుడు బండ గిట్లనే ఎగురుతది." రెండో ముక్క చూశాడు, మూడోదీ చూశాడు. "ఇవన్నీ బాయిరాళ్లే బిడ్డా. మనోళ్లు ఎవలికో కూలికి బాయిలు తవ్వెటోళ్లు. నాలుగో బాయిల గీ ఎర్రచుక్క కనవడ్డది. దాని ఎంబడి పోయి పోయి గుట్టకు చేరిండ్రు."

ఇన్ని తరాల వాళ్లు చూడకుండానే నమ్మిన నిప్పుకణిక ఒక బావి బండ ముక్క! వసంతకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"అంటే మామా, ఎర్రరాయి ఎల్లకున్నా గుంత గుంతే."

రాజయ్య నల్లరాయిని మళ్లీ వరసలో దాని చోట పెట్టాడు. "గుంతే," అన్నాడు చివరికి. "మొదటి మూడూ గిసుంటివే అయితే, కాదనెతందుకు నేనెవర్ని?"

పైనుంచి యజ్ఞనారాయణ తొంగి చూశాడు. "రాజయ్యా, మిక్సరు తిరుగుతోంది. ఏం చేస్తున్నారయ్యా అక్కడ?"

"సారూ, జర ఒక పైపు ముక్క ఇస్తరా? కరెంటోళ్లది, మూరెడు," అంది వసంత.

ఎందుకో అడగబోయి, ఆ చీలిన వెదురునీ వరసలో ఉన్న రాళ్లనీ చూసి అతను అడగలేదు. పైపు ముక్క పట్టుకుని తనే నిచ్చెన దిగాడు. వసంత దాని అడుగున గుడ్డపీలిక కుక్కి, బావిరాయితో మొదలుపెట్టి, వరస తప్పకుండా పంతొమ్మిదీ వేసింది. ఆ తర్వాత లేచి గుంత మూలకు వెళ్లింది. నిన్న తన పలుగు తగిలి లేచిన చిన్న బండపెచ్చు అక్కడే ఉంది. దాన్ని కొంగుతో తుడిచి, అరచేతిలో నలపకుండా, ఎండకెత్తకుండా, పైపులో వేసింది. టక్కుమని చప్పుడైంది. ఆరేళ్లుగా ఆమె ఎదురుచూసిన చప్పుడు అంతే ఉంది.

"ఇది ఎన్నో రాయమ్మా?" అన్నాడు యజ్ఞనారాయణ.

"ఇరవయ్యోది సారూ."

"ఏ గుంతది?"

వసంత చెప్పేలోపే రాజయ్య అందుకున్నాడు. "గిదే గుంతది సారూ. నా కోడలి గుంత. జరంతసేపు ఆగుండ్రి, గొట్టం పట్టుకొని మేం పైకెక్కినంక కాంక్రీటు పోద్దురు."